సిరోంచ, రాజురా, దెగ్లూరు వైపు నుంచి హైదరాబాద్ ఆస్పత్రికి మెట్రోలో వెళ్లడం ఎలా

పెద్ద జబ్బు చేస్తే మహారాష్ట్ర సరిహద్దులో ఉండే మన తెలుగువాళ్లలో చాలామంది నాగ్‌పూర్ కంటే హైదరాబాద్‌కే మొగ్గుతారు, భాష కలుస్తుంది, చుట్టాలూ ఉంటారు. కాకపోతే బస్సు ఎంజీబీఎస్‌లో (మహాత్మా గాంధీ బస్ స్టేషన్) ఆగేదాకా కూర్చుని, అక్కడ ఆటోవాడు అడిగినంత ఇచ్చి, వచ్చిన దారిలోనే మళ్లీ వెనక్కి పంజాగుట్టలోని నిమ్స్ ఆస్పత్రికి పోతుంటారు. అది దండగ.

మీ బస్సు ఏ రోడ్డున సిటీలోకి వస్తుందో ముందు కండక్టర్‌ని అడగండి, ఎక్కడ దిగాలన్నది దాన్నిబట్టే. దెగ్లూరు నుంచి సంగారెడ్డి మీదుగా వస్తే మియాపూర్‌లో దిగేయండి, అక్కడ మెట్రో రెడ్ లైన్ మొదలవుతుంది, మియాపూర్ కాకుండా పదకొండో స్టేషన్ పంజాగుట్ట, అంటే నిమ్స్‌కు ఎక్కడా రైలు మారే పనే లేదు. పిల్లల్ని నిలోఫర్‌కు, క్యాన్సర్ పేషెంట్లను ఎంఎన్‌జేకు తీసుకెళ్లేవాళ్లు అదే రైల్లో ఇంకాస్త ముందుకు, లక్డీకాపూల్‌లో దిగి ఆటో పట్టాలి. ధర్మాబాద్ నుంచి నిజామాబాద్ మీదుగా గానీ, రాజురా, సిరోంచ నుంచి కరీంనగర్ మీదుగా గానీ వచ్చేవాళ్లు జేబీఎస్‌లో (జూబ్లీ బస్ స్టేషన్) దిగాలి. అక్కణ్నుంచి గ్రీన్ లైన్‌లో రెండో స్టేషన్ గాంధీ ఆస్పత్రి. సిరోంచ వాళ్లు వరంగల్ మీదుగా వస్తే ఉప్పల్‌లోనే బ్లూ లైన్ ఉంది. సికింద్రాబాద్‌లో రైలు దిగేవాళ్లకు సికింద్రాబాద్ ఈస్ట్ స్టేషన్ దగ్గర, అదీ బ్లూ లైనే.

రాత్రి బస్సు నాలుగింటికే దింపేస్తే మాత్రం కంగారు పడకండి, ఆరు కాకముందు మెట్రో లేదు. ముసలివాళ్లతో రోడ్డు మీద నిలబడే కన్నా జేబీఎస్ లోపల బెంచీ చూసుకుని టీ తాగడం నయం.

కౌంటర్‌లో దిగే స్టేషన్ పేరు చెబితే క్యూఆర్ ముద్రించిన కాగితం టికెట్ ఇస్తారు, ఫోన్‌లో వాట్సాప్ ద్వారా కూడా తీసుకోవచ్చు. 2025 మేలో ఛార్జీలు పెంచి, వెంటనే పది శాతం తగ్గించారు, ఆ లెక్కన 11 రూపాయల నుంచి 69 దాకా. గేటు దగ్గర ఆ కోడ్‌ను అద్దం మీద బోర్లా పెట్టాలి, తలుపు తెరుచుకోగానే ఒక్కొక్కరే దాటాలి, బాపు చెయ్యి పట్టుకుని ఇద్దరూ ఒకేసారి దూరితే ఒకరు ఇరుక్కుంటారు. కాగితాన్ని నలిపి జేబులో కుక్కకండి, బయటికి వచ్చేటప్పుడు మళ్లీ చూపించాలి. సంచులు మెషిన్‌లోంచి పోతాయి కాబట్టి కొడవలి, కత్తి లాంటివి ఊళ్లోనే వదిలేసి రండి.

అందరికీ టెన్షన్ పెట్టేది అమీర్‌పేటే. రెడ్, బ్లూ లైన్లు కలిసేది అక్కడే, పైగా రైలుకు మూడే పెట్టెలు, ఉదయం ఆఫీసు టైమ్‌లో జనం తోసుకుంటూ ఎక్కుతారు. సికింద్రాబాద్ నుంచి నిమ్స్‌కు పోయేవాళ్లు ఇక్కడ మారి ఒక్క స్టేషన్ పోవాలి. గేటు దాటి బయటికి రాకండి, అదే టికెట్ పనిచేస్తుంది. రంగు బోర్డులు చూసుకుంటూ ఎల్‌బీ నగర్ వైపు ప్లాట్‌ఫామ్‌కు పోండి. మరాఠీ బడిలో చదివి తెలుగు బోర్డు కూడబలుక్కునే పిల్లలున్నారు మనలో, వాళ్లు చెవులు రిక్కిస్తే చాలు, స్టేషన్ పేరు తెలుగులో చెబుతారు. నడవలేని పేషెంట్ ఉంటే ఆ రద్దీ వద్దు, డబ్బులు పోయినా ఆటోనే మేలు.

సిటీ బస్సు కదా, ఆడవాళ్లకు ఫ్రీ కదా అనుకుంటారేమో. తెలంగాణలో ఆ ఉచిత ప్రయాణం ఆ రాష్ట్రపు చిరునామా ఉన్న ఆధార్‌కే, మన ఆధార్‌లో చంద్రపూర్, గడ్చిరోలి, నాందేడ్ అని ఉంటుంది కాబట్టి టికెట్ కొనాల్సిందే. అయినా మెట్రో కన్నా బస్సు చవకే, ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు తెలుస్తుంది తేడా. ఓపీ చీటీ కోసం పొద్దున్నే లైన్‌లో ఉండాల్సినవాళ్లకు ఆ టైమ్ ముఖ్యం.

ఉస్మానియా ఆస్పత్రి వాళ్లకు ఒక మాట. ఉస్మానియా మెడికల్ కాలేజ్ అనే స్టేషన్ కోఠి దగ్గర, కాలేజీ పక్కన ఉంది. ఆస్పత్రి అఫ్జల్‌గంజ్‌లో, దానికి ఎంజీబీఎస్‌లో దిగి ఆటో ఎక్కాలి. చార్మినార్‌కు, శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు ఇంకా మెట్రో లేదు.

తిరిగి వచ్చేటప్పుడు, దెగ్లూరు వాళ్లు మియాపూర్‌లో బస్సు కోసం నిలబడకండి. అక్కడికి వచ్చేసరికి సీట్లు నిండిపోయి ఉంటాయి, ఆపరేషన్ అయిన మనిషిని నిలబెట్టి తీసుకురాలేం. బస్సు బయల్దేరే చోటికే పోయి ఎక్కండి, లేదా సీటు ముందే రిజర్వ్ చేసుకోండి.