సీబీపీ రిపోర్టులో తెల్లకణాలు ఎక్కువగా ఉంటే ఎలా చదవాలి

విశాఖపట్నంలో జ్వరానికైనా, ఆపరేషనుకు ముందైనా, హెల్త్ చెకప్‌లోనైనా డాక్టర్లు మొదట రాసే పరీక్ష సీబీపీయే (కంప్లీట్ బ్లడ్ పిక్చర్, అంటే రక్తకణాల లెక్క). ఉదయం మహారాణిపేటలోని ఏదో ఒక ల్యాబులో రక్తం ఇస్తే సాయంత్రం డాక్టరును కలిసేలోపే రిపోర్టు ఫోనుకు వచ్చేస్తుంది. అందులో ముద్ద అక్షరాల్లో ఉన్న ‘టోటల్ కౌంట్ 14,200’ అనే తెల్లకణాల అంకె ఇంటిల్లిపాదినీ కంగారు పెడుతుంది. నిజానికి ఆ ఒక్క అంకెను బట్టి జబ్బు ఏమిటో ఎవరూ చెప్పలేరు. ఏ రకం కణాలు పెరిగాయి, ఏ పరిస్థితిలో రక్తం ఇచ్చారు, మిగతా కణాలు ఎలా ఉన్నాయి అన్నవి కలిపి చూసినప్పుడే దానికి అర్థం వస్తుంది.

పెద్దవారిలో మైక్రోలీటరు రక్తానికి సుమారు 4,000 నుంచి 11,000 వరకు తెల్లకణాలు ఉండడం సాధారణం. అప్పుడే పుట్టిన శిశువుల్లో ఈ సంఖ్య 20,000 దాటినా ఆశ్చర్యపడనక్కరలేదు. గర్భిణుల్లో 15,000 వరకు, పురుడు పోసుకునే సమయంలో అంతకు మించి కూడా ఉండవచ్చు. పొగ తాగేవారిలో కౌంట్ ఎప్పుడూ కొంచెం ఎక్కువగానే ఉంటుంది. ఆయాసానికో కీళ్ల నొప్పులకో ప్రెడ్నిసోలోన్, డెక్సామెథాసోన్ వంటి స్టెరాయిడ్లు వాడితే, రక్తనాళాల గోడలకు అంటుకుని ఉన్న న్యూట్రోఫిల్స్ అనే రకం తెల్లకణాలు ప్రవాహంలోకి వచ్చి, ఇన్ఫెక్షన్ ఏదీ లేకుండానే కౌంట్ పెరుగుతుంది. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న బిళ్లల సంగతి డాక్టరుకు చెప్పకపోతే, ఈ పెరుగుదలను ఇన్ఫెక్షన్‌గా పొరబడి అవసరం లేని యాంటీబయాటిక్ రాసే అవకాశం ఉంది.

తరువాత చూడవలసింది డిఫరెన్షియల్ కౌంట్, అంటే ఏ రకం తెల్లకణాలు ఎంత శాతం ఉన్నాయో చెప్పే లెక్క. ఇక్కడ చాలామంది శాతాలను చూసి మోసపోతారు. మొత్తం కౌంట్ 5,000 ఉన్న మనిషికి లింఫోసైట్లు అనే రకం కణాలు 55 శాతం ఉంటే రిపోర్టులో ఎక్కువ అని గుర్తు పడుతుంది. లెక్క కడితే అవి 2,750 మాత్రమే, అంటే పెద్దవారికి మామూలే. మరొకరికి కౌంట్ 16,000, న్యూట్రోఫిల్స్ 75 శాతం అనుకుందాం. చాలా ల్యాబులు 75ను సాధారణ శాతంగానే చూపుతాయి, కానీ వాస్తవంలో అవి 12,000. సాధారణ గరిష్ఠమైన 7,500 కంటే చాలా ఎక్కువ. అందుచేత మొత్తాన్ని శాతంతో గుణించి 100తో భాగించి, వచ్చిన అసలు సంఖ్యనే చూడాలి. రిపోర్టులో ‘అబ్సొల్యూట్’ అనే వరుసలు ఉంటే ఆ శ్రమ కూడా అక్కరలేదు.

న్యూట్రోఫిల్స్ పెరగడం ఎక్కువగా బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్లలో కనిపిస్తుంది: న్యుమోనియా, అపెండిసైటిస్, చీముగడ్డలు. గుండెపోటు, కాలిన గాయాలు, పెద్ద ఆపరేషన్ల తరువాత కూడా ఇవి పెరుగుతాయి. లింఫోసైట్లు సాధారణంగా వైరస్ జ్వరాల్లో, కోరింత దగ్గులో పెరుగుతాయి.

మన ప్రాంతంలో ఎక్కువ శ్రద్ధ పెట్టవలసినవి ఈసినోఫిల్స్ అనే మరో రకం తెల్లకణాలు. కౌంట్ 13,600, ఈసినోఫిల్స్ 28 శాతం ఉంటే అసలు సంఖ్య 3,808. 500 దాటితేనే ఎక్కువ అంటాం. ఎలర్జీ, ఆస్తమా, కడుపులో పురుగులు, కొన్ని మందులు దీనికి కారణాలు. బోదకాలు తెచ్చే ఫైలేరియా ఉత్తర కోస్తాకు పాత చుట్టమే కనుక, రాత్రిపూట ఎక్కువయ్యే పొడిదగ్గు, పిల్లికూతలతో పాటు ఈసినోఫిల్స్ 3,000 దాటితే డాక్టర్లు ఉష్ణమండల ఈసినోఫిలియాను (ఫైలేరియా పురుగుల వల్ల ఊపిరితిత్తులకు వచ్చే జబ్బు) అనుమానిస్తారు. దానికి డైఇథైల్ కార్బమజైన్ అనే మందు బాగా పనిచేస్తుంది. అయితే ‘ఈస్నోఫీలియా’ అనుకుని సొంతంగా స్టెరాయిడ్లు మింగడం ప్రమాదకరం. స్ట్రాంగిలాయిడ్స్ అనే పురుగు ఒంట్లో ఉంటే అది విజృంభించి ప్రాణం మీదకు తెస్తుంది.

కౌంట్ పెరగకపోతే ఇన్ఫెక్షన్ లేదనుకోవడం కూడా పొరపాటే. వానాకాలంలో వచ్చే డెంగీ, టైఫాయిడ్, మలేరియాల్లో తెల్లకణాలు తరచుగా మామూలుగానో తక్కువగానో ఉంటాయి. ముసలివారిలో తీవ్రమైన సెప్సిస్‌లోనూ (ఇన్ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినే స్థితి) కౌంట్ పడిపోవచ్చు. జ్వరంతో పాటు మాట తడబడడం, మూత్రం తగ్గడం, ఊపిరి అందకపోవడం ఉంటే అంకెతో పని లేకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

యంత్రమూ అప్పుడప్పుడు తప్పు లెక్క చెబుతుంది. కేంద్రకం ఉన్న అపరిపక్వ ఎర్రకణాలను, గుమిగూడిన ప్లేట్‌లెట్లను అది తెల్లకణాలుగా లెక్కించవచ్చు. పాడేరు ఏజెన్సీలో కనిపించే సికిల్ సెల్ వ్యాధి ఉన్నవారిలో ఈ అవకాశం ఎక్కువ. సందేహం ఉంటే స్లైడును మైక్రోస్కోపు కింద చూసే పెరిఫెరల్ స్మియర్ చేయించడమే మార్గం.

లక్షణాలేవీ లేకుండా కౌంట్ కొద్దిగా పెరిగితే, డాక్టరు సలహా మేరకు కొన్ని వారాల తరువాత అదే ల్యాబులో మళ్లీ చేయించి, పాత రిపోర్టులతో పోల్చుకుంటే చాలు. అదే కౌంట్ 50,000 దాటినా, స్మియర్‌లో ‘బ్లాస్ట్’ (అపరిపక్వ తెల్ల) కణాలు ఉన్నాయని రాసినా, హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు కూడా పడిపోయినా, బరువు తగ్గి ఎడమ డొక్కలో ప్లీహం బరువుగా తోస్తున్నా ఆలస్యం చేయకుండా రక్తవ్యాధుల నిపుణుడిని కలవాలి. అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి వంటి చోట్లకు వెళ్లేటప్పుడు పాత రిపోర్టులన్నీ వెంట ఉంచుకోవాలి. కౌంట్ లక్ష దాటి, చూపు మసకబారడమో ఆయాసమో ఉంటే అది అత్యవసర స్థితి. దీర్ఘకాలిక మైలాయిడ్ లుకేమియా అనే రక్తక్యాన్సర్ అని అనుమానం వస్తే, దానికి కారణమైన జన్యు మార్పును వెతికే బీసీఆర్-ఏబీఎల్ పరీక్ష రాస్తారు. అది పాజిటివ్ అయినా, 2001లో అమెరికాలో ఆమోదం పొందిన ఇమాటినిబ్, ఆ కోవలోని ఇతర బిళ్లలు రోజూ వాడుతూ ఏళ్ల తరబడి ఉద్యోగాలు చేసుకుంటున్నవారు ఉన్నారు.