ముందు గీత, తర్వాతే పువ్వు

విశాఖ ఆర్కే బీచ్‌లో పిల్లల్ని ఎక్కించుకుని తిప్పే గుర్రాలు ఎదురైతే నా కళ్ళు ముందు వాటి ముఖాల మీది పట్టీల దగ్గరే ఆగుతాయి. ఇప్పుడు చాలావాటికి నైలాను పట్టీలే. ఎప్పుడో ఒకసారి తోలు కళ్ళెం కనిపిస్తే దగ్గరికెళ్ళి అంచులు చూస్తాను. రెండంచుల పక్కనా సన్నటి గీత ఎక్కడా వంకరపోకుండా సాగిందంటే, కుట్టింది పని తెలిసిన చెయ్యి. పట్టీ నిండా పూలుండి గీత లేకపోతే ఆ పూలు కూడా నా కంటికి ఆనవు.

నాన్న జట్కా గుర్రాలకి జీను సామాను కుట్టేవారు. కంచరపాలెంలో మా ఇంటి అరుగే ఆయన కొట్టు. జట్కాలు తగ్గిపోయాక ఎడ్లకి మువ్వల పట్టెడలు, కుక్కలకి మెడపట్టీలు, సంచులకి వార్లు కుట్టి మమ్మల్ని పెంచారు. నాకు పన్నెండేళ్ళప్పుడు ఒక తోలుముక్క మీద పువ్వు అచ్చు కొట్టి మురిసిపోతూ ఆయనకి చూపించాను. అటూ ఇటూ తిప్పి చూసి, "గీతే తిన్నగా రాలేదు, అప్పుడే పువ్వేటే?" అన్నారు. ఆ తర్వాత ఆరు నెలలు నాచేత గీతలే గీయించారు. ఇప్పుడు నా దగ్గర నేర్చుకోడానికి వచ్చే పిల్లలచేతా నేను అదే చేయిస్తున్నాను.

గీత కంటే ముందు తోలు సంగతి చెప్పాలి. నొక్కు నిలిచేది తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయల్లాంటివాటితో పదునుచేసిన, అంటే పచ్చిచర్మం కుళ్ళకుండా మార్చిన, తోలు మీదే. అవును, బతుకమ్మలో పేర్చే పూల తంగేడే, దాని బెరడే. అలాంటి తోలు, మేం చెక్కతోలు అంటాం, నీళ్ళు పీల్చి మెత్తబడుతుంది, నొక్కితే ఆ గుర్తు ఆరాక కూడా పోదు. క్రోమ్‌తో, అంటే క్రోమియం లవణాలతో, పదునుచేసింది ఎంత కొట్టినా మళ్ళీ పైకి లేచిపోతుంది. కొట్లో తేడా కనిపెట్టడం కష్టం కాదు. కోసిన అంచు చూడండి, రంగు వెయ్యని క్రోమ్ తోలు లోపల నీలం కలిసిన బూడిదరంగులో ఉంటుంది, చెక్కతోలు లోపలంతా గోధుమరంగే. ఇంకా అనుమానముంటే పైవైపు ఒక నీటిబొట్టు పెట్టండి. పైన ఏ పూతా లేని చెక్కతోలు కాసేపట్లోనే దాన్ని తాగి అక్కడ ముదురు రంగుకి మారుతుంది. గోటితో నొక్కితే గుర్తు పడుతుంది. పట్టీకి 3.5 నుంచి 4 మిల్లీమీటర్ల మందం ఉన్న వీపు భాగం, వెన్ను పొడవునా కోసింది తీసుకోండి. పొట్ట భాగం చవగ్గా ఇస్తామంటారు, వద్దు. అది సాగుతుంది, పట్టీతో పాటు మీ గీత కూడా సాగి వంకర పోతుంది.

మొదటి పనిముట్టు అంచు చెక్కేది, బెవెలర్ అంటారు. ఈ మందానికి రెండో నంబరు సరిపోతుంది. పట్టీ నాలుగు మూలల్నీ సన్నటి పీచులా తీసుకుంటూ పోతుంది. తెగకుండా ఒకటే పీచు వస్తే పదునుందని లెక్క, ముక్కలుముక్కలుగా వస్తే లేదని. దాని గాడిలోకి రాయి దూరదు కాబట్టి, ఒక గట్టి దారానికి పాలిష్ ముద్ద పట్టించి, గాడిలో పెట్టి ముందుకీ వెనక్కీ లాగితే పదునెక్కుతుంది. ఇంతకంటే దీని గురించి చెప్పడానికి లేదు.

గీత ఇనుము, అంటే క్రీజర్ గురించి మాత్రం ఎంత చెప్పినా తక్కువే. రెండు కాళ్ళుంటాయి, ఒకటి కాస్త పొడుగు, ఒకటి పొట్టి. పొడుగు కాలు పట్టీ అంచుకి బయట ఆనుకుని నడుస్తుంది, పొట్టి కాలు లోపల గీత వేస్తుంది. స్క్రూ ఉన్న రకంలో రెంటి మధ్య దూరం మార్చుకోవచ్చు. అంగుళం పట్టీకి అంచు నుంచి రెండున్నర మిల్లీమీటర్ల దూరంలో గీత నాకు అందంగా అనిపిస్తుంది. గీత అందం కోసమే అనుకుంటారు చాలామంది. కానీ గీత పడ్డ చోట తోలు పోగులు దగ్గరగా నొక్కుకుని అంచు బిగుస్తుంది, కుట్టు వేసేటప్పుడు దారి కూడా అదే చూపిస్తుంది.

నాన్న వాడిన క్రీజర్ మీద వాల్సాల్ అన్న ముద్ర ఉంది. జీను పనికి పేరుపడ్డ ఇంగ్లండు ఊరు అది. అక్కడి ఫుట్‌బాల్ జట్టుకి ముద్దుపేరే జీను పనివాళ్ళని. అలాంటిది దొరికితే అదృష్టం. దొరకలేదని ఆగక్కర్లేదు, పాత స్క్రూడ్రైవరు ఒకటి చాలు. ముక్కుని నిలువునా హాక్సా బ్లేడుతో ఒక సెంటీమీటరు లోతుకి చీల్చి, సన్న ఆకురాయితో ఆ చీలికని రెండు మిల్లీమీటర్లు దాటేదాకా వెడల్పు చెయ్యండి. లోపలి కాలిని ఒక మిల్లీమీటరు అరగదీసి పొట్టి చెయ్యండి. ఇక అసలు పని నునుపు చెయ్యడం. 220 నంబరు ఎమెరీ కాగితంతో మొదలుపెట్టి 400, 800 దాకా వెళ్ళి, చివర మెటల్ పాలిష్‌తో అద్దంలా మెరిసేదాకా రుద్దాలి. క్రీజర్ నొక్కాలి, కొయ్యకూడదు. బొటనవేలి చర్మం మీద లాగి చూసుకోండి, ఎక్కడైనా గీరుకుంటే ఇంకా అరగదియ్యాలి.

తడి ఎంత ఉండాలన్నది చేతికి రావాలి. స్పాంజితో పైవైపు సమంగా తడిపి, ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఓ గంట ఉంచండి. బయటికి తీసి, తోలు మళ్ళీ దాని సొంత రంగుకి వస్తూ ఉండగా చెంపకి ఆనించి చూడండి. చల్లగా తగలాలి, చెంప తడవకూడదు. అప్పుడే గీత మొదలుపెట్టాలి. మే నెలలో పడమటి గాలి తిరిగితే మధ్యాహ్నం ఆ అదను పది నిమిషాల్లో దాటిపోతుంది. వానల్లో అయితే పూటంతా అయినా రంగు తిరగదు. మన సముద్రపు గాలికి గడియారం పనికిరాదు, చెంపనే నమ్మండి.

పట్టీ చివర బల్లకి బిగించి క్రీజర్‌ని మీ వైపుకి లాక్కోండి. మొదటిసారి బరువు వెయ్యకుండా దారి మాత్రం గుర్తించండి. రెండోసారి భుజం బరువు వెయ్యండి. మూడోసారికి స్పిరిట్ దీపం మీద కాస్త వేడి చేసి, ఆగకుండా ఒక్క లాగుడులో పోనివ్వండి. గీత ముదురు గోధుమరంగులో మెరుస్తుంది. వేడి ఎంతంటే, ముందు వృథా ముక్క మీద పెట్టి చూడండి. కాలిన వాసన వచ్చినా, సుయ్‌మన్నా ఎక్కువైనట్టే. మధ్యలో ఆగారా, ఆగిన చోట మచ్చ పడుతుంది, ఇక పోదు.

మచ్చల మాట వచ్చింది కాబట్టి నాకు జరిగింది చెప్తాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా రేకులు లేచిపోయి పనిముట్ల పెట్టె తడిసింది. రోజుల తరబడి కరెంటు లేదు. సర్దుకున్నాక ఆత్రంగా పని మొదలుపెట్టి, సన్నగా తుప్పు పట్టిన క్రీజర్‌నే తుడిచి వాడేశాను. మర్నాటికి ఎనిమిది పట్టీల మీద గీత పొడవునా నీలి నలుపు. చెక్కతోలులోని వగరుకి ఇనుమూ తడీ తగిలితే నల్లబడుతుంది. కలంకారీ వాళ్ళు కరక్కాయ పట్టించిన బట్ట మీద తుప్పు ఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన కసిమితో గీస్తే నలుపు తేలేది ఇందుకే. వాళ్ళు కావాలని తెచ్చుకునే నలుపు నాకు అక్కర్లేని చోట పడింది. మచ్చ కొత్తదైతే నిమ్మరసం అద్ది, వెంటనే మంచినీళ్ళతో తుడిస్తే చాలావరకు తగ్గుతుంది. ఎనిమిదింట్లో మూడే దక్కాయి. అప్పటినుంచి రాత్రి ఎంత పొద్దుపోయినా ఇనప సామానుకి మెషిన్ నూనె పూసి గుడ్డలో చుట్టాకే పడుకుంటాను, తెల్లారి ఆ నూనె శుభ్రంగా తుడిచాకే తోలు ముట్టుకుంటాను.

గీత వచ్చేసిందనుకుంటే దాంతోనే చాలా సొగసు తేవచ్చు. పట్టీ కొసన రెండు గీతల్నీ మొనలా కలపండి. బద్ద ఆనించి ఏటవాలు గీతలు అడ్డదిడ్డంగా వేస్తే వజ్రాల వల వస్తుంది. పాతకాలపు జీనుల అందమంతా ఇదే. పక్కన చుక్కల చక్రం, అంటే పళ్ళున్న చిన్న చక్రం, నడిపిస్తే కుట్టుకి సమదూరంలో గుర్తులూ పడతాయి, చూపుకీ బావుంటుంది. బరువు లాగే పట్టీకి అంగుళానికి ఆరు నుంచి ఎనిమిది కుట్లు చాలు. మరీ దగ్గరగా వేస్తే తపాలా బిళ్ళ చిల్లుల్లా తోలు అక్కడే చిరుగుతుంది.

ఇప్పుడు పువ్వు. అచ్చులు కొనకముందు ఆరు, ఎనిమిది మిల్లీమీటర్ల బోల్టులు తెచ్చుకుని చివర చదును చేసి, ఆకురాయితో అర్ధచంద్రం, నక్షత్రం, జొన్నగింజ చెక్కండి. గాజువాక వైపు పాత ఇనుము తూకానికి దొరుకుతుంది. అచ్చు అంచులు కూడా క్రీజర్‌లాగే నునుపు కావాలి. కింద వంటింటి గట్టు కోసిన గ్రానైట్ ముక్క వేసుకుని, ఇనప సుత్తితో కాకుండా కొయ్య గూటంతో ఒక్కటే దెబ్బ కొట్టండి. రెండో దెబ్బకి అచ్చు జరిగి నీడ పడుతుంది. వరస చివర సగం పువ్వు మిగలకుండా, పట్టీ పొడవున్న కాగితం చీలికని మడతలు పెట్టి ముందే గుర్తులు పెట్టుకోండి.

అచ్చు పడకూడని చోట్లున్నాయి. బకిల్ దగ్గర మడతపడే రెండంగుళాలు, బెజ్జాల వరస, బరువు పడే మలుపులు. నొక్కు లోతు మందంలో మూడో వంతు దాటకూడదు. పట్టీ తెగితే గుర్రం చెయ్యి దాటిపోతుంది, దాని మీద పిల్ల ఉంటుంది. ఈ ఒక్క విషయంలో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను. ఎడ్ల పట్టెడలకి ఆ భయం తక్కువ కాబట్టి సంక్రాంతికి గవ్వలూ మువ్వలూ ధారాళంగా కుడతాను. గవ్వలు కుట్టే చోట తోలుకి ఆరెతో, అంటే బెజ్జాలు పెట్టే మొనతో, ముందే బెజ్జాలు పెట్టుకుంటే సూది విరగదు.

చివరికి అంచు కాస్త తడిపి, కొయ్యకర్ర గాడిలో పెట్టి వేడి పుట్టేదాకా రుద్ది, తేనెమైనం పట్టించండి. నా రుద్దుడు కర్ర ఏటికొప్పాకలో తరిమెన (లేత్) మీద చేయించింది. అక్కడ బొమ్మలు చేసే అంకుడు కొయ్య మెత్తన, త్వరగా అరిగిపోతుంది, అందుకని టేకు ముక్క నేనే పట్టుకెళ్ళాను. పట్టీ ఒక రోజంతా నీడలో ఆరాకే పలచగా నీట్స్‌ఫుట్ నూనె, అంటే పశువుల కాళ్ళ ఎముకల నుంచి తీసే నూనె, పట్టించాలి.

బీచ్ గుర్రాల వాళ్ళకి పట్టీ ఇచ్చేటప్పుడు పాత టూత్‌బ్రష్ ఒకటి కూడా చేతిలో పెడతాను. ఇసకా ఉప్పూ చేరేది సరిగ్గా గీతలోనే. వారానికోసారి తడిగుడ్డతో తుడిచి, గీతలో బ్రష్ తిప్పి, నీడన ఆరేసుకోమని చెప్తాను.