పాత ట్రాక్టర్ బాగుచేత – 2వ పాఠం: పట్టేసిన ఇంజన్‌ని కదపడం

పోయిన పాఠంలో బండి కడిగి, చక్రాలకు అడ్డు పెట్టి, విప్పేముందు ఫొటోలు తీసి పెట్టుకున్నాం. ఇక ఇంజన్. కొత్తవాళ్లు చాలామంది చేసేది ఒకటే: బ్యాటరీ తెచ్చి సెల్ఫ్ కొట్టడం, తిరగకపోతే ఇంకో ట్రాక్టర్‌కి కట్టి లాగడం. రెండూ వద్దు.

ఏళ్ల తరబడి బయట నిలబడ్డ బండికి సైలెన్సర్ గొట్టంలోంచి వాన నీళ్లు దిగుతాయి. ఎగ్జాస్ట్ వాల్వ్ తెరిచి ఉన్న సిలిండర్‌లోకి చేరతాయి. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు తుప్పుతో లైనర్‌కి (పిస్టన్ ఆడే గొట్టానికి) పట్టేస్తాయి. పిస్టన్ పైన నీళ్లుండగా సెల్ఫ్ కొట్టారా, నీళ్లు నొక్కితే తగ్గవు కనుక పిస్టన్‌ని క్రాంక్‌కి (ఇంజన్ అడుగున తిరిగే ఇరుసుకి) కలిపే కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. దాంతో చిన్న పని పెద్ద ఖర్చవుతుంది.

ముందు సంప్ (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) డ్రెయిన్ బోల్టు మెల్లగా వదులు చేయండి. నీళ్లు ఆయిల్ కన్నా బరువు కాబట్టి ఉంటే అవే ముందు కారతాయి. రేడియేటర్ కూడా ఖాళీగా ఉంటే లైనర్ సీళ్లు, హెడ్ (సిలిండర్ల పై మూత) కింది గ్యాస్కెట్ మీద అనుమానం పెట్టుకోండి.

తర్వాత ఇంజన్ పైన వాల్వుల మీదుండే రాకర్ కవర్ తీయండి. ఒక్కో వాల్వ్ కాడ మీద నైలాన్ సుత్తితో సుతారంగా తట్టండి. కొద్దిగా దిగి టక్కున పైకి రావాలి. దిగి అక్కడే ఉండిపోయిందంటే గైడ్‌లో (వాల్వ్ కాడ ఆడే గొట్టంలో) పట్టేసినట్టే. దాన్ని వదిలించకుండా ఇంజన్ తిప్పితే వాల్వ్‌ని తెరిపించే పుష్ రాడ్ వంగుతుంది.

ఇంజెక్టర్లు (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేవి) తీసేముందు చుట్టూ మట్టి ఊదేయండి, నంబర్లు వేసుకోండి, పైపుల మూతులు మూయండి. ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో వాడే ఆయిల్), అసిటోన్ సగం సగం కలిపి సిలిండర్‌కి 50 మిల్లీలీటర్ల చొప్పున పోయండి. రెండూ ఊరికే విడిపోతాయి, పోసే ప్రతిసారీ సీసా కుదపండి. అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది: ఆరుబయట, చేతులకు గ్లవ్స్‌తో, దగ్గర్లో నిప్పు లేకుండా. రోజూ చూసి, తగ్గినంత పోస్తూ వారం ఆగండి. మట్టం దిగుతోందంటే రింగుల పక్కనుంచి ఇంకుతుండవచ్చు, మంచిదే. తెరిచి ఉన్న వాల్వ్ గుండా కారినా దిగుతుంది, మోసపోవద్దు.

ఇప్పుడు గేర్ న్యూట్రల్‌లో పెట్టి, క్రాంక్ పుల్లీ (క్రాంక్ ముందు కొసన ఉండే చక్రం) మీదా దాని పక్కన బ్లాక్ మీదా కలిసేలా సుద్దగీత గీయండి. పుల్లీ బోల్టుకి స్పానర్ వేసి, బోల్టు బిగిసే వైపుకే తిప్పండి. స్పానర్‌కి గొట్టం తొడిగి పొడవు పెంచితే బోల్టు తెగుతుంది. గీత వెంట్రుకవాసి జరిగినా చాలు, ఆగండి. వెనక్కి తిప్పాలంటే ఫ్లైవీల్ (క్రాంక్ వెనక కొసనున్న బరువు చక్రం) పళ్ల దగ్గర గునపంతో మెల్లగా నెట్టండి. ముందుకీ వెనక్కీ ఆడిస్తూ పోతే దారి ఇస్తుంది. ఇంజెక్టర్ రంధ్రాల మీద గుడ్డ కప్పి, ముఖం పక్కకు పెట్టి, చేత్తోనే రెండు పూర్తి చుట్లు తిప్పండి. నాలుగు స్ట్రోకులకూ అన్ని వాల్వులూ అప్పుడే ఒకసారి పనిచేసి కనిపిస్తాయి. మధ్యలో గట్టిగా ఆగితే బలవంతం చేయకుండా ఏ వాల్వ్ అడ్డుపడిందో చూడండి. ఆయిల్ మార్చాకే సెల్ఫ్.

రెండు వారాలైనా గీత కదలకపోతే హెడ్ విప్పాల్సిందే. అప్పుడు చెక్క దిమ్మ పెట్టి కొట్టేది సగం దారిలో ఆగిన పిస్టన్లనే. పైకొసలోనో కిందికొసలోనో ఉన్నదాన్ని ఎంత కొట్టినా రాడ్డు నిటారుగా ఉండి క్రాంక్ తిరగదు. హెడ్ బోల్టులు వదులు చేసే వరస 3వ పాఠంలో.