లోడు పెట్టగానే గుర్రుమంటోందా? ట్రాన్స్‌ఫార్మర్ తర్వాత బక్ కన్వర్టర్: సమస్య - పరిష్కారం

లక్షణం: 12 వోల్ట్ల, 2 ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్, ఏసీని డీసీగా మార్చే డయోడ్ల బ్రిడ్జి, 4700 మైక్రోఫారడ్ కెపాసిటర్, ఆపైన వోల్టేజిని తగ్గించి నిలకడగా ఇచ్చే బక్ కన్వర్టర్, అంటే ఎల్‌ఎం 2596 చిప్ ఉన్న మాడ్యూల్. అవుట్‌పుట్ 12 వోల్ట్లు. లోడు లేనప్పుడు అంతా సవ్యమే. ఒకటిన్నర ఆంపియర్ లాగగానే ఆంప్లిఫయర్ గుర్రుమంటుంది, రూటరైతే ఆగి మళ్లీ మొదలవుతుంది.

వెంటనే మాడ్యూల్ మార్చకండి. ముందు లోడు ఉండగా కెపాసిటర్ దగ్గర కొలవండి. లోడు లేని రీడింగు చూసి తీర్పు చెప్పేవాళ్లు ఎందరో! అది ఎందుకూ పనికిరాదు.

కారణం: లోడుతో కొలిస్తే మీటరు 13.5 వోల్ట్లు చూపుతుంది. చాలునని నమ్మేస్తారు. అది సగటు మాత్రమే. మెయిన్స్ 50 హెర్ట్జ్ కాబట్టి కెపాసిటర్ సెకనుకు 100 సార్లు నిండి, మధ్యలో ఖాళీ అవుతూ ఉంటుంది. అలా ఖాళీ అయినప్పుడు వోల్టేజి పడిపోయే లోయ అడుగున ఉండేది 12.2 వోల్ట్లే. ఈ చిప్‌కు అవుట్‌పుట్ కంటే కనీసం ఒక వోల్టు పైన కావాలి. కాబట్టి ప్రతి లోయలోనూ అవుట్‌పుట్ కుంగుతుంది. మీరు వినే మోత అదే.

వోల్టేజి హెచ్చుతగ్గులను గీసి చూపే ఆసిలోస్కోప్ లేకపోయినా పట్టుకోవచ్చు. అదే చోట ఏసీ రేంజిలో కొలవండి. వచ్చినదాన్ని 1.7తో గుణించి డీసీ రీడింగులోంచి తీసేయండి. 0.75 వస్తే 13.5లోంచి దాదాపు 1.3 పోతుంది. కొన్ని చవక మీటర్లు ఏసీ రేంజిలో డీసీని కూడా కలిపేస్తాయి. అలాంటప్పుడు ప్రోబుకు వరుసలో 1 మైక్రోఫారడ్ ఫిల్మ్ కెపాసిటర్ పెట్టండి.

అసలు తిరకాసు ఇంకొకటి ఉంది. అదనపు వోల్టేజిని వేడిగా పోగొట్టే లీనియర్ రెగ్యులేటర్ అయితే వోల్టేజి తగ్గినా అంతే కరెంటు లాగుతుంది. బక్ కన్వర్టర్ లాంటి స్విచింగ్ సప్లై అలా కాదు, దానికి వాట్లు కావాలి. ఇన్‌పుట్ పడిపోయే కొద్దీ ఎక్కువ కరెంటు లాగి ట్రాన్స్‌ఫార్మర్‌ను ఇంకా కుంగదీస్తుంది. పైగా బ్రిడ్జి కరెంటును ముక్కలుగా (పల్సులుగా) లాగుతుంది కనుక 1.5 ఆంపియర్ల డీసీకి ట్రాన్స్‌ఫార్మర్ వైండింగులో (తీగచుట్టలో) సుమారు 2.5 ఆంపియర్లు పారతాయి. 2 ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్ కాలడం వింతేమీ కాదు. ఇంకో పెద్ద కెపాసిటర్ తగిలిస్తే లోయ పూడుతుంది గానీ, ముక్కలు ఇంకా ఇరుకై వేడి పెరుగుతుంది.

పరిష్కారం: 18 వోల్ట్ల, 2 ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్. ఇన్‌పుట్ కెపాసిటర్ 25 వోల్ట్లదైతే అదీ మార్చాలి. మెయిన్స్ 250కి ఎక్కి లోడు లేకపోతే అక్కడ 30 వోల్ట్ల దాకా వస్తుంది. 50 వోల్ట్లది వేయండి. ఎలాగూ మారుస్తున్నాం కదా అని 24 వోల్ట్ల ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం తేవద్దు. అదే పరిస్థితిలో 40 దాటిపోతుంది, ఈ చిప్ పరిమితి 40 వోల్ట్లు.

లోయ సరిగ్గా ఉన్నా మోత తగ్గకపోతే అవుట్‌పుట్ కెపాసిటర్ ఎండిపోయిందేమో చూడండి. వైండింగులో షార్టు, బ్రిడ్జిలో ఒక డయోడు తెగిపోవడం (ఓపెన్ కావడం) చాలా అరుదు. అవి చివరికి.