చేతిలో ఫోను – 4వ పాఠం: నెట్ లేకుండా ఐఫోన్ నుంచి ఆండ్రాయిడ్‌కు

పోయిన పాఠంలో రెండు ఆండ్రాయిడ్ ఫోన్ల మధ్య ఫైళ్లు నేరుగా పంపే క్విక్ షేర్ చూశాం. 2024 జనవరిలో గూగుల్ వాళ్ల నియర్‌బై షేర్, శామ్‌సంగ్ వాళ్ల క్విక్ షేర్ ఒకటైపోవడంతో ఆ పని సులువైంది. ఈసారి అసలు చిక్కు. ఒకరి చేతిలో ఐఫోన్, ఇంకొకరి చేతిలో ఆండ్రాయిడ్.

ముందు పోయినసారి ఇచ్చిన లెక్క తేల్చేద్దాం: ఐఫోన్‌లో తీసిన 12 నిమిషాల 4కే వీడియో పంపడానికి బ్లూటూత్‌లో ఎంతసేపు, వైఫైలో ఎంతసేపు? ఐఫోన్‌లో 4కే, సెకనుకు 60 ఫ్రేముల వీడియో నిమిషానికి సుమారు 400 ఎంబీ. 12 నిమిషాలకు 4,800 ఎంబీ, అంటే 4.8 జీబీ. బ్లూటూత్‌లో సెకనుకు పావు ఎంబీ చొప్పున పోతే 19,200 సెకన్లు, అంటే 5 గంటల 20 నిమిషాలు. విజయవాడలో పినాకిని రైలు ఎక్కినవాళ్లు ఈలోపు నెల్లూరు దాటిపోతారు. అదే వైఫై మీద సెకనుకు 20 ఎంబీ పోతే 4 నిమిషాల్లో అయిపోతుంది.

12 నిమిషాలు అని ఊరికే ఇవ్వలేదు. విజయవాడ సత్యనారాయణపురంలో మా పిన్ని వాళ్లింట్లో మనవడి అన్నప్రాసన జరిగింది. పుస్తకం, పెన్ను, డబ్బులు, బంగారం ముందు పెడితే వాడు అన్నీ వదిలేసి పెన్ను పట్టుకున్నాడు. అదంతా బావ ఐఫోన్‌లో తీశాడు. వాట్సాప్‌లో వీడియోగా పంపితే పిల్లాడి మొహం అలికేసినట్టు వచ్చింది. డాక్యుమెంటుగా పంపుదామంటే వాట్సాప్‌లో ఒక ఫైలుకు 2 జీబీయే హద్దు. బావకు రైలు టైమవుతోంది. పిన్నికి టెన్షన్.

"ఒరేయ్, నా ఫోనులో నెట్ ప్యాక్ కూడా అయిపోయిందిరా. అల్లుడుగారు వెళ్లిపోతే ఇంక ఆ వీడియో వచ్చినట్టే!"

"నెట్‌తో పని లేదు పిన్నీ. వైఫై చాలు."

"నెట్టే లేకపోతే వైఫై ఎక్కడినుంచి వస్తుందిరా?"

ఈ పాఠమంతా పిన్ని అడిగిన ఈ ప్రశ్న చుట్టూనే. మనలో చాలామందికి వైఫై అంటే నెట్టే. కాదు. రెండు ఫోన్లు గాలిలో మాట్లాడుకునే దారి వైఫై. ఆ దారి చివర బయటి ప్రపంచానికి గేటు ఉంటే అది నెట్. గేటు మూసి ఉన్నా లోపలివాళ్లు మాట్లాడుకోవచ్చు. వాట్సాప్‌లో పంపిన ఫైలు ఎక్కడో ఉన్న సర్వర్‌కు వెళ్లి, అక్కడినుంచి పక్క కుర్చీలో ఉన్న మనిషికి తిరిగొస్తుంది. పక్కింటికి గిన్నెడు పులుసు ఇవ్వడానికి బెంజ్ సర్కిల్ చుట్టి రావడమన్నమాట.

ఇక చేతిలోకి ఫోను తీసుకోండి. లోకల్‌సెండ్ అనే ఉచిత యాప్ రెండు ఫోన్లలోనూ ఉండాలి. ఆండ్రాయిడ్, ఐఫోన్, విండోస్, మ్యాక్, లైనక్స్ అన్నిట్లోనూ పనిచేస్తుంది, ప్రకటనల గోల లేదు. ఇదివరకు అందరం వాడిన షేర్ఇట్, జెండర్ 2020 జూన్ 29న మన దేశంలో నిషేధించిన 59 యాప్‌లలో ఉన్నాయి కాబట్టి వాటి ఏపీకే ఫైళ్లు (ప్లే స్టోర్ బయట దొరికే యాప్ ఫైళ్లు) ఎక్కడైనా దొరికినా జోలికి పోకండి. యాప్ దించుకునేటప్పుడు మాత్రం నెట్ కావాలి. పిన్ని ఫోనులో నా డేటా మీద దించాను.

ఇప్పుడు ఆండ్రాయిడ్ ఫోనులో మొబైల్ డేటా ఆపేసి, హాట్‌స్పాట్ ఆన్ చేయండి, అంటే ఆ ఫోనే వైఫై ఇస్తుంది. హాట్‌స్పాట్ ఆండ్రాయిడ్‌లోనే ఎందుకంటే, డేటా ఆపేస్తే ఐఫోన్ హాట్‌స్పాట్ ఇవ్వదు. డేటా ఆపడం ఎందుకంటే, అవతలి ఫోను వైఫై దొరికింది కదా అని ఫోటోల బ్యాకప్పులు మొదలుపెట్టి మన ప్యాక్ తినేస్తుంది. హాట్‌స్పాట్ సెట్టింగుల్లో బ్యాండ్ అని ఉంటుంది, అందులో 5 గిగాహెర్ట్జ్ ఎంచుకోండి. ఇంకో బ్యాండ్ 2.4 గిగాహెర్ట్జ్‌లో పైఇంటి రౌటరూ, కిందింటి రౌటరూ, మన బ్లూటూత్ ఇయర్‌ఫోన్లూ అన్నీ తోసుకుంటుంటాయి. సాయంత్రం వన్‌టౌన్ సందుల్లో బండి నడిపినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

ఐఫోన్‌ను ఆ హాట్‌స్పాట్‌కు కలపండి. ఇంటర్నెట్ లేదని కింద చూపిస్తుంది, పట్టించుకోవద్దు. రెండిట్లోనూ లోకల్‌సెండ్ తెరవండి. యాప్ ప్రతి ఫోనుకూ తనే ఓ పేరు పెడుతుంది: ఒక విశేషణం, దాని వెనక ఓ పండో కూరగాయో. ఆరోజు పిన్ని ఫోను "హ్యాండ్‌సమ్ పొటాటో" అయింది. (గుంటూరు మిర్చి మాత్రం నాకింకా తగల్లేదు.) ఐఫోన్‌లో సెండ్ నొక్కి, మీడియాలోకి వెళ్లి వీడియో ఎంచుకుని, కింద కనిపించే అవతలి పేరు మీద నొక్కాలి. ఆండ్రాయిడ్‌లో యాక్సెప్ట్ నొక్కగానే మొదలవుతుంది.

పేరు కనిపించలేదా? పదిలో తొమ్మిదిసార్లు ఐఫోన్ అనుమతే కారణం. మొదటిసారి యాప్ తెరిచినప్పుడు లోకల్ నెట్‌వర్క్ వాడుకోవచ్చా అని అడుగుతుంది. మనం కంగారులో వద్దు అనేస్తాం. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో లోకల్ నెట్‌వర్క్, అక్కడ లోకల్‌సెండ్ బటన్ ఆన్ చేయండి. వీపీఎన్ (నెట్‌ను వేరే సర్వర్ మీదుగా తిప్పే యాప్) ఉంటే ఆపేయండి.

మాకు పేరు కనిపించింది, వీడియో కదిలింది. 70 శాతం దాటాక బావ ఫోను జేబులో వేసుకుని బూట్లు తొడుక్కోవడానికి వంగాడు. స్క్రీన్ ఆఫ్ అయింది, వీడియో ఆగింది. తెర ఆరితే ఐఫోన్ యాప్‌ను నిద్రపుచ్చేస్తుంది. మళ్లీ సున్నా నుంచి మొదలు. కింద ఆటోవాడు హారన్ కొడుతున్నాడు. "అల్లుడుగారూ, మీరు కదలకండి, బూట్లు తర్వాత వేసుకోవచ్చు" అని పిన్ని ఫోను తీసి టీపాయ్ మీద పెట్టి, ఆరకుండా వేలితో తడుతూ కూర్చుంది. అయ్యేవరకూ రెండు యాప్‌లూ తెర మీదే ఉండాలి. ఐఫోన్‌లో డిస్‌ప్లే అండ్ బ్రైట్‌నెస్ కింద ఆటో లాక్ కాసేపు నెవర్‌లో పెట్టుకుంటే పిన్నిలా కాపలా కాయక్కర్లేదు. పనయ్యాక మళ్లీ మార్చుకోండి.

వచ్చిన ఫైలు మెమరీ కార్డులోకి నేరుగా దించకండి. పాత కార్డులు చాలావరకు ఫ్యాట్32 అనే, ఫైళ్లు దాచే పాత పద్ధతిలో ఉంటాయి, వాటిలో 4 జీబీ దాటిన ఒక్క ఫైలు పట్టదు, కార్డులో 20 జీబీ ఖాళీ ఉన్నా సరే.

ఇంకోమాట. 2025 నవంబరులో గూగుల్ పిక్సెల్ 10 ఫోన్లలో క్విక్ షేర్ నుంచి నేరుగా ఐఫోన్ ఎయిర్‌డ్రాప్‌కు (ఐఫోన్లు ఒకదానికొకటి ఫైళ్లు పంపుకునే ఏర్పాటు) పంపే వీలు తెచ్చింది. ఐఫోన్‌లో "ఎవరీవన్" అని పది నిమిషాలపాటు తెరిచి ఉంచాలి. మీ ఫోనులో ఆ వీలుంటే ముందు అదే వాడండి.

అభ్యాసం. ఇంట్లో ఎవరి ఐఫోన్ అయినా అడిగి, డేటా ఆపేసి 1 జీబీ దాటిన ఫైలు ఒకసారి 2.4 మీద, ఒకసారి 5 మీద పంపి రెండు టైములూ రాసుకోండి. రెండోది కొంచెం ఆలోచించాలి: గుంటూరులో ఓ లాడ్జిలో దిగాం, రెండు ఫోన్లూ లాడ్జి వైఫైకే కలిపి ఉన్నాయి, నెట్ బ్రహ్మాండంగా వస్తోంది, అనుమతులన్నీ ఉన్నాయి, అయినా లోకల్‌సెండ్‌లో ఒకదానికొకటి కనిపించడం లేదు. తప్పు ఫోనులది కాదు. మరి ఎక్కడుంది? జవాబు 5వ పాఠంలో, ల్యాప్‌టాప్‌తో పాటు.