హైదరాబాద్ డాబా మీద లిప్‌స్టిక్ పామ్ ఎలా పెంచాలి?

ఎర్రటి కాండంతో మెరిసే ఈ మొక్క పుట్టిల్లు మలేసియా, సుమత్రా, బోర్నియోల చిత్తడి అడవులు. అక్కడి నేలకు ఆమ్ల గుణం ఎక్కువ. గాలిలో తేమ తగ్గదు, చలి ఉండదు. కడియం నర్సరీల్లో దొరికే ఈ మొక్కకు కోస్తా గాలి బాగానే నప్పుతుంది. హైదరాబాద్‌లో మాత్రం వేసవి పొడిగాలి, బోరు నీళ్లు, జనవరి చలి దీన్ని దెబ్బతీస్తాయి.

ముందు మంచి మొక్క తెచ్చుకోండి. కుండీలో బాగా వేళ్లూనుకుని, రెండు మూడు పిలకలు ఉన్నది తీసుకోవాలి. అప్పుడే విడదీసిన పిలక చవకని కొనకండి, వేళ్లు తెగితే కోలుకోవడం చాలా కష్టం. లేత మొక్క పచ్చగానే ఉంటుంది, ఎరుపు తర్వాత వస్తుంది.

కుండీలోకి సగం కొబ్బరి పొట్టు, పావు ఎర్రమట్టి, పావు వర్మీకంపోస్ట్ కలపండి. పొట్టులో ఉప్పు ఉంటుంది కాబట్టి రెండు మూడుసార్లు కడగాలి. సున్నం తగలనివ్వకూడదు.

అసలు విషయం నీళ్లు. చాలా పామ్‌లకు వేళ్ల దగ్గర నీళ్లు నిలిస్తే కుళ్లిపోతాయి. దీనికి మాత్రం నీళ్లు నిలవడమే ఇష్టం. ఎండాకాలంలో కుండీని రెండంగుళాల నీళ్లున్న టబ్బులో పెట్టండి. దోమలు చేరకుండా రెండు మూడు రోజులకోసారి నీళ్లు మార్చాలి. బోరు నీళ్లలోని లవణాలతో ఆకు కొసలు మాడతాయి. కొత్త ఆకులో ఈనెలు పచ్చగానే ఉండి, వాటి మధ్య భాగం పసుపెక్కితే ఇనుము అందడం లేదని అనుమానించాలి. వాన నీళ్లు పట్టి ఉంచుకోండి. ఏసీ నుంచి కారే నీళ్లూ చక్కగా పనికొస్తాయి. ఆర్వో మెషీన్ వదిలేసే నీళ్లు మాత్రం వద్దు, వాటిలో లవణాలు ఇంకా ఎక్కువ.

ఉదయపు ఎండ మంచిదే. పది దాటాక గ్రీన్ నెట్ నీడ కావాలి. గాలికి ఎదురుగా ఒంటరిగా పెట్టకుండా మిగతా కుండీల మధ్య ఉంచితే చుట్టూ కాస్త తేమ నిలుస్తుంది.

రాత్రి చలి 15 డిగ్రీల కిందికి దిగుతోందంటే టబ్బులోంచి తీసి, వెలుతురున్న గదిలోకి మార్చండి. నీళ్లు తగ్గించి, పొద్దెక్కాకే పోయాలి. ఆ రోజుల్లో ఎరువు వద్దు.

మొవ్వాకు, అంటే కాండం కొసన ఇంకా విచ్చుకోని కొత్త ఆకు, లాగగానే ఊడి వచ్చిందంటే ఆ కాండం మొవ్వు కుళ్లినట్టే, ఇక పెరగదు. అయినా మొక్క మొత్తం పోయిందని పీకేయకండి. ఆ కాండాన్ని మొదలు దాకా కోసేసి, పక్క పిలకలను వెచ్చగా ఉంచండి. వాటి మొవ్వులు వేరు కాబట్టి అవి బతికే అవకాశం ఉంది.