రాళ్లెక్కే చిన్న థార్‌ను ఇంట్లోనే తయారు చేసుకోవడం ఎలా?

రిమోట్ కారు అనగానే వీధిలో రయ్యిన దూసుకెళ్లే బొమ్మే చాలామందికి గుర్తొస్తుంది. ఇది అది కాదు. మనిషి నడిచే వేగంతో, బండరాయి మీద ఒక్కో చక్రం ఆచితూచి వేస్తూ ఎక్కే బండి ఇది. హాబీలో ఉన్నవాళ్లు స్కేల్ క్రాలర్ అంటారు. చూడ్డానికి కూడా అసలు జీపును ఉన్నదున్నట్టు కుదించినట్టుండాలి. తలుపు బందుల దగ్గర్నుంచి వెనకాల రాయించుకున్న పేరు దాకా అన్నీ కనబడాలి.

విదేశీ పికప్‌ల బాడీలు రెడీమేడ్‌గా దొరుకుతాయి. కానీ నెల్లూరు జిల్లా ఉదయగిరి, సీతారామపురం వైపు మెట్ట ఊళ్లలో తిరిగే జీపులు, చీమకుర్తి క్వారీ రోడ్ల మీద దుమ్ము కప్పుకున్న బండ్లు మన కళ్ల ముందే ఉన్నాయి. మీరు వెళ్లి టేపు పెట్టి కొలవగలిగిన బండినే చేయండి. ఫొటోలు మాత్రమే చూసి చేసిన బండిలో ఎక్కడో ఒకచోట అబద్ధం దొర్లుతుంది, ఆ బండి రోజూ నడిపేవాడు దాన్ని ఇట్టే పట్టేస్తాడు.

ముందు కొలతలు, తర్వాతే కొనుగోళ్లు

ఈ హాబీలో ఎక్కువగా వాడేది 1/10 స్కేలు, అంటే అసలు బండిలో పదో వంతు. కళ్లు మూసుకుని దాన్నే పట్టుకుంటే మన బండ్ల విషయంలో చిక్కొస్తుంది. 2020లో వచ్చిన థార్‌నే చూడండి. ముందు, వెనక చక్రాల మధ్య దూరం, అంటే వీల్‌బేస్, 2450 మి.మీ. 1/10లో అది 245 మి.మీ. అవుతుంది. మార్కెట్లో దొరికే క్రాలర్ చాసిస్‌లలో (బాడీ కింద ఉండే ఫ్రేము, ఇరుసులు, చక్రాల భాగం) బాగా కనిపించే వీల్‌బేస్ మాత్రం 313 మి.మీ. దాని మీద 1/10 బాడీ కూర్చోబెట్టాలంటే బానెట్‌నో తలుపునో సాగదీయాలి. అక్కడే అసలు బండి పోలిక పోతుంది.

అదే థార్‌ను 1/8లో లెక్కేయండి. వీల్‌బేస్ 306 మి.మీ. అవుతుంది. చాసిస్‌కు తేడా ఏడు మిల్లీమీటర్లే. ఇరుసును ఫ్రేముకు కలిపే లింకు రాడ్ల చివర్లు కాస్త లోపలికి తిప్పినా, కొంచెం పొట్టి లింకులు వేసినా సర్దుకుంటుంది. వెడల్పు 1820 మి.మీ. కాబట్టి 227 దగ్గర ఆగుతుంది. 1/10 క్రాలర్లలో టైర్ల బయటి అంచుల మధ్య కొలత కూడా ఇంచుమించు అంతే ఉంటుంది. థార్‌కు వచ్చే 255/65 ఆర్18 టైరు ఎత్తు 789 మి.మీ. ఎనిమిదితో భాగిస్తే 99 మి.మీ. లోపే. 1.9 అంగుళాల రిమ్ములకు వచ్చే చిన్న టైర్లు ఇంచుమించు ఈ సైజే. చాసిస్ మీద 1/10 అని రాసి ఉన్నా పట్టించుకోకండి, బాడీ 1/8లో కట్టండి. మారుతి జిప్సీ చేయాలనుకున్నా ఇదే లెక్క. దాని వీల్‌బేస్ 2375 మి.మీ. 1/8లో 297 అవుతుంది.

కొలతలకు బండి యజమానిని అడిగితే కాదనేవాళ్లు తక్కువ. “అన్నా, ఒక్క పది నిమిషాలు బండి కొలుచుకుంటా” అంటే చాలు, టేపు రెండో కొస ఆయనే పట్టుకుంటాడు. తలుపు ఎత్తు, కిటికీ అడుగు అంచు ఎత్తు, బానెట్ పొడవు, మడ్‌గార్డు వంపు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో రాసుకోండి. పక్కనుంచి ఫొటో తీసేటప్పుడు దగ్గరగా నిలబడొద్దు. బాగా వెనక్కి వెళ్లి, ఫోన్‌ను తలుపు మధ్య ఎత్తులో పట్టుకుని, జూమ్ చేసి తీయండి. దగ్గర నుంచి తీస్తే మధ్యభాగం ఉబ్బినట్టు, చివర్లు కుంచించుకుపోయినట్టు వస్తాయి. ఆ ఫొటోను 1/8 సైజుకు ప్రింటు తీయించండి. థార్ పొడవు 3985 మి.మీ. కాబట్టి ప్రింటులో సుమారు 498 మి.మీ. రావాలి. ఏ3 కాగితాలు రెండు అతికిస్తే సరిపోతుంది. ఇక మీదట మీ నమూనా ఆ కాగితమే.

చాసిస్, మోటారు, బ్యాటరీ

నిచ్చెన లాంటి ఫ్రేము, ముందూ వెనకా ఏకఇరుసులు (రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు), వాటిని పట్టుకునే లింకులు, లాక్ చేసిన డిఫరెన్షియల్ (ఇరుసు మీది రెండు చక్రాలకూ శక్తిని పంచే గేర్లు) ఉన్న చాసిస్ కావాలి. డిఫరెన్షియల్ లాక్ కాకపోతే గాల్లోకి లేచిన చక్రం ఊరికే తిరుగుతుంది, నేల మీదున్నది కదలదు. ఏక్సియల్ ఎస్‌సీఎక్స్10, ట్రాక్సస్ టీఆర్‌ఎక్స్-4 ఈ రకంలో పేరున్నవి. అంత ఖర్చు ఇప్పుడే వద్దనుకుంటే డబ్ల్యూపీఎల్ వాళ్ల 1/16 బండి కొని, దాని మీద చేయి తిప్పుకోండి.

మోటారు 540 సైజు బ్రష్డ్, 35 నుంచి 55 టర్న్‌ల (లోపలి తీగ చుట్ల) మధ్య ఉంటే మంచిది. టర్న్‌లు పెరిగేకొద్దీ బండి నెమ్మదిస్తుంది, మన వేలి కింద బాగా మాట వింటుంది. మోటారు వేగాన్ని అదుపు చేసే స్పీడ్ కంట్రోలర్‌లో డ్రాగ్ బ్రేక్ తప్పకుండా ఉండాలి. ట్రిగ్గర్ వదిలేసినా బండి వాలు మీద ఉన్నచోటే నిలబడేది దాని వల్లే. స్టీరింగ్ సర్వో, అంటే ముందు చక్రాలను పక్కలకు తిప్పే చిన్న మోటారు, 20 నుంచి 25 కేజీ-సెం.మీ. టార్క్ (తిప్పే బలం) ఉన్నది తీసుకోండి. రాళ్ల సందులో ఇరుక్కున్న టైరును బలహీనమైన సర్వో తిప్పలేదు, అక్కడే కాలిపోతుంది కూడా. బ్యాటరీ 2ఎస్ లైపో, అంటే రెండు సెల్స్ ఉన్న 7.4 వోల్టుల లిథియం పాలిమర్ బ్యాటరీ, చాలు. రిమోట్ 2.4 గిగాహెర్ట్జ్‌ది కొనండి. తక్కువ పవర్‌తో ఆ బ్యాండు వాడుకోవడానికి మన దేశంలో లైసెన్సు అక్కర్లేదు.

మోటారు బిగించేటప్పుడు పినియన్‌కూ (మోటారు కొసన ఉండే చిన్న పళ్లచక్రానికీ) పెద్ద పళ్లచక్రానికీ మధ్య నోటుబుక్కు కాగితం ముక్క పెట్టి, మోటారును దగ్గరికి నొక్కి, స్క్రూలు బిగించి, ఆ ముక్కను లాగేయండి. పళ్ల మధ్య ఉండాల్సినంత సందు వచ్చేస్తుంది. ఇనుములోకి వెళ్లే ప్రతి స్క్రూకీ స్క్రూ వదులు కాకుండా పట్టి ఉంచే నీలం థ్రెడ్‌లాక్ జిగురు ఒక చుక్క వేయాలి. ప్లాస్టిక్‌లోకి వెళ్లేవాటికి వేయకూడదు, ప్లాస్టిక్ చిట్లుతుంది.

బాడీ కట్టడం

ఫ్లెక్స్ షాపుల్లో దొరికే సన్‌బోర్డుతో ముందు కచ్చా బాడీ ఒకటి చేసి, చాసిస్ మీద పెట్టి, నాలుగు వైపుల నుంచీ చూడండి. అసలు బాడీకి మాత్రం అది పనికిరాదు, అంచులు సొట్టపోతాయి. ఏబీఎస్ లేదా స్టైరీన్ ప్లాస్టిక్ షీటు వాడండి. పక్కలకు 2 మి.మీ., పైకప్పుకు 1 మి.మీ. పైన ఎంత బరువు తగ్గితే వాలు మీద బండి అంత నిలకడగా ఉంటుంది. షీటును పూర్తిగా కోయక్కర్లేదు. స్టీలు స్కేలు ఆనించి కట్టర్‌తో రెండు మూడు గీతలు లోతుగా గీసి విరిస్తే నిటారుగా విరుగుతుంది. అతుకుల్లో సందులుంటే కారు పెయింటింగ్ షాపులో వాడే పుట్టీ పెట్టి, 400 నంబరు కాగితంతో మొదలుపెట్టి 800 దాకా నీళ్లతో రుద్దండి.

తలుపులు తెరుచుకోవాలంటే బందులు చేయాలి. ఖాళీ రీఫిల్ గొట్టాన్ని 5 మి.మీ. ముక్కలుగా కోయండి. ఒకటి తలుపుకు, ఒకటి బాడీకి, మళ్లీ ఒకటి తలుపుకు, ఇలా ఒకే వరుసలో అతికించి మధ్యలోంచి గుండుసూది దూర్చండి. ఫెవిక్విక్ గొట్టంలోకి పాకకుండా, అంటించేటప్పుడు సూదికి కాస్త వ్యాజిలైన్ పూయండి. గట్టిపడ్డాక సూదిని ఒకసారి తిప్పి చూస్తే బందు ఆడుతోందో లేదో తెలిసిపోతుంది.

గ్రిల్లు, అద్దాలు త్రీడీ ప్రింటు చేయించుకుంటే పీఎల్ఏ అనే ప్లాస్టిక్ వద్దనండి. అది 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. రోహిణి కార్తెలో ఎండలో నిలిపిన కారులో ఒక మధ్యాహ్నం ఉంచితే చాలు, గ్రిల్లు వంకర పోతుంది. పీఈటీజీ గానీ ఏబీఎస్ గానీ అడగండి.

హెడ్‌లైట్లకు 5 మి.మీ. తెల్ల ఎల్‌ఈడీలు వాడొచ్చు. రిమోట్ సిగ్నల్ అందుకునే రిసీవర్ నుంచి వచ్చే 6 వోల్టులకు కలిపేటప్పుడు ఒక్కో ఎల్‌ఈడీకి 150 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టాలి.

రంగు, దుమ్ము, సామాను

నెల్లూరులో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ముసురు పట్టిన రోజుల్లో స్ప్రే జోలికి వెళ్లకండి. గాల్లో తేమకు రంగు తెల్లగా పాలిపోతుంది. బాగా పొద్దెక్కిన రోజు చూసుకుని, ముందు బూడిదరంగు ప్రైమర్, తర్వాత అసలు రంగు పలుచగా పొరలు పొరలుగా కొట్టండి. ఒక్కసారే ముద్దగా కొడితే కారుతుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన పని దీని తర్వాతే మొదలవుతుంది. ఆ బండి తిరిగే దారిలోని మట్టినే తెచ్చి, పల్చటి గుడ్డలో జల్లించండి. ఎర్రమట్టి దారుల్లో తిరిగే జీపుకు ఎర్రమట్టి, క్వారీ బండికి రాతిపొడి. చక్రాల వెనక, తలుపు కింద, వెనక అద్దం చుట్టూ మెత్తటి కుంచెతో అద్ది, మ్యాట్ క్లియర్ స్ప్రేతో నిలబెట్టండి. వైపర్ తిరిగే మేర అద్దం శుభ్రంగా వదిలేస్తే బండి రోడ్డు మీదనుంచి ఇప్పుడే వచ్చినట్టుంటుంది. గాజుగుడ్డను టీ డికాషన్‌లో నానబెట్టి ఆరబెడితే గోనెసంచి గుడ్డ తయారు. బంపరుకు నిమ్మకాయ, మిరపకాయల దండ పుట్టీతో చేసి కట్టండి, అది లేని బండి మన రోడ్ల మీద అరుదు.

బరువు చూసి, దించడం

వంటింటి తూకం తీసుకోండి. ముందు చక్రాలు రెండూ తూకం మీద పెట్టి, వెనక చక్రాల కింద తూకమంత ఎత్తున్న పుస్తకాలు పెట్టండి. మొత్తం బరువులో సుమారు 60 శాతం ముందుంటే బండి బాగా ఎక్కుతుంది. ఒకవేళ తక్కువైతే బ్యాటరీని ముందుకు జరపండి, అప్పటికీ చాలకపోతే ముందు ఇరుసుకు ఇత్తడి భాగాలు వేయండి. తర్వాత ఒక చెక్క మీద అడ్డంగా నిలిపి మెల్లగా పైకెత్తండి. ఫోన్‌లో కోణం చూసే యాప్ పెట్టుకుంటే 40 డిగ్రీల దాకా పల్టీ కొట్టకుండా నిలవాలి.

మొదటి పరుగుకు ఊరి చెరువు కట్టకు లోపలివైపు పేర్చిన రాళ్లంత మంచి చోటు లేదు, అదీ నీళ్లు తగ్గిన వేసవిలో. అలవాటయ్యాక ఉదయగిరి కొండ దిగువ రాళ్లకు వెళ్లండి. క్వారీ గుంతల్లోకి మాత్రం దిగొద్దు, అంచులు విరిగిపడతాయి. మైపాడు బీచ్‌లో ఫొటోలు బాగుంటాయి గానీ ఉప్పునీళ్లు బేరింగులను తినేస్తాయి. వెళ్తే వచ్చిన వెంటనే మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, బేరింగులకు ఆయిల్ చుక్కలు వేయాలి. పెన్నా ఇసుకలో తిప్పినా గేర్‌బాక్స్ విప్పి చూడాల్సిందే.

బ్యాటరీని సెల్‌కు 3.2 వోల్టుల కంటే కిందికి దించకండి. బండిని వారం పైన పక్కన పెట్టేటట్టయితే సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర ఆపి, చల్లటి చోట దాచండి. ఉబ్బిన లైపోను మళ్లీ చార్జింగ్ పెట్టకూడదు, బాగున్నదాన్నయినా మీరు దగ్గర ఉన్నప్పుడే చార్జింగ్ పెట్టండి.